లెక్కలు తగ్గాయి, శనివారం రాత్రి తగ్గలేదు

సంఘం గదిలో ఆదివారం సాయంత్రాలు పిల్లలు పాచికలాడుతున్నారని కమిటీకి ఫిర్యాదు వెళ్ళిందట. ఫిర్యాదు చేసినవారి మీద మాకు కోపమేమీ లేదు. కిటికీలోంచి చూస్తే బల్ల చుట్టూ అరడజను తలకాయలు, మధ్యలో పాచికలు, "పడింది! పడింది!" అని కేకలు. ఎవరికైనా అనుమానం వస్తుంది. గది తాళాలు మా ఇద్దరి దగ్గరుంటాయి కాబట్టి సంజాయిషీ మేమే ఇవ్వాలి. జూదం కాదు బాబూ అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఏడాదిగా ఆ బల్ల దగ్గర చాలా జరిగింది. కాస్త పొడుగ్గానే రాస్తున్నాం, తీరిక చూసుకుని చదవండి.

ముందు ఆట సంగతి. ఒకరు కథ నడుపుతారు. వాళ్ళని గేమ్ మాస్టర్ అంటారు, మన నాటకాల భాషలో సూత్రధారి. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. "ఏరు పొంగుతోంది, అవతలి గట్టున దీపం కనిపిస్తోంది, ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతాడు, వాళ్ళు చెబుతారు. అవుతుందో లేదో తేలని చోట పాచిక వేస్తారు. ఇలా నెలల తరబడి సాగే కథకు క్యాంపెయిన్ అని పేరు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు చేసిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ దీనికి మూలం. రెండేళ్ళకోసారి ఠాకురాణీ జాతరకు వేషాలు కట్టే ఊరు మనది. ఇంకొకడిగా మారి మాట్లాడటం బరంపురం పిల్లలకు ఒకరు నేర్పాలా? ఇది కూర్చుని కట్టే వేషం, అంతే.

మా మేనల్లుడు బెంగుళూరు ఉద్యోగాన్ని ఇంటి నుంచి చేసుకుంటానని ఇక్కడికి వచ్చేసినప్పుడు మూడు లావు పుస్తకాలు మోసుకొచ్చాడు. ఆ ఆటకు 2014లో వచ్చిన అయిదో కూర్పు. ఆటగాళ్ళ పుస్తకం ఒక్కటే 320 పేజీలు, సూత్రధారికి వేరే పుస్తకం, రాక్షసులకు వేరే పుస్తకం. అప్పటికి మన సంఘం తెలుగు తరగతి పిల్లలు రాక మూతపడి ఏడాది దాటింది. గది ఊరికే పడి ఉంది. "అత్తా, తాళాలిస్తారా?" అని వాడు అడిగితే ఇచ్చాం. నెల తిరక్కుండా అయిదుగురు పిల్లలు చేరారు. మా అబ్బాయి వాణ్ణి బావా అంటాడు, మిగతా నలుగురూ అన్నయ్యా అంటారు.

ఆదివారం ఆటకు శనివారం రాత్రి మా డాబా గదిలో పుస్తకాలు పరుచుకుని కూర్చునేవాడు. ఏం చేస్తున్నావురా అంటే లెక్కలు చూపించేవాడు. పిల్లలు అయిదుగురు, అందరూ మూడో లెవెల్. ఆ లెవెల్లో మనిషికి 150 పాయింట్లంటే మధ్యస్థమైన పోరు, 225 అంటే గట్టి పోరు, 400 అంటే ప్రాణాంతకం. అయిదుగురికీ కలిపి 750, 1125, 2000. ఇక శత్రువులు. గోబ్లిన్ అనే పిల్ల రాక్షసుడికి 50, ఓగర్ అనే పెద్దవాడికి 450. నలుగురు గోబ్లిన్లు, ఒక ఓగర్ అంటే 650. కానీ గుంపుగా మీదపడితే ప్రమాదం ఎక్కువ కదా, అందుకని శత్రువులు మూడు నుంచి ఆరుగురి దాకా ఉంటే రెండింతలు చెయ్యాలి. 1300. అంటే గట్టి పోరే, ప్రాణాంతకం కాదు. సరే. ఇదంతా ఒక్క పోరుకి. అలాంటివి మూడు సిద్ధం చేసుకోవాలి. ప్రతి శత్రువుకూ ఏమేం వచ్చో కాగితం మీద ఎత్తి రాసుకోవాలి. పెళ్ళి వంటకు సరుకుల చిట్టా రాసినట్టు రాసేవాడు. అయిదు గంటలు పట్టేది.

ఆదివారం పిల్లలు ఆ దారినే పోరు! చిలికా సరస్సులాంటి ఒక సరస్సు దాటి వెళ్ళాలి, పడవవాడితో కబుర్లలో పడతారు. నీ ఇల్లెక్కడ, నీ కాలికేమైంది, నీ పడవకు కన్ను ఎందుకు గీశావు. వాడి గురించి మావాడి దగ్గర ఒక్క ముక్క లేదు, ఉన్నదంతా ఓగర్ గురించే. "సరే సరే, అతను మిమ్మల్ని అవతల దింపేశాడు" అనేవాడు. రెండు గంటలు కూర్చుని లెక్క కట్టిన ఓగర్ని వదులుకోబుద్ధి కాదు, ఎవరికైనా అంతే. పిల్లల్ని మెల్లగా అటు తోలుకుపోయేవాడు. గది మూలన కూర్చుని చూసే మాకు మొదట్లో ఇది తెలియలేదు. పిల్లలకు మాత్రం తెలిసిపోయింది. "ఎటు వెళ్ళినా అక్కడికే కదా అన్నయ్యా" అంది ఒక పిల్ల, విసుగు లేకుండా, ఊరికే తెలిసిన సంగతి చెబుతున్నట్టు.

భాష సంగతి మమ్మల్ని ఇంకా కలవరపెట్టింది. పుస్తకం ఇంగ్లీషు కాబట్టి ఆటలో అనవలసిన మాటలన్నీ ఇంగ్లీషే. బోనస్ యాక్షన్, స్పెల్ స్లాట్, షార్ట్ రెస్ట్. పోరు ఒక్కొక్కటి గంటన్నర. ఆ గంటన్నరలో తెలుగు అనేది "నీ వంతురా", "ఉండవే" దగ్గర ఆగిపోయేది. అయినా పిల్లలు వస్తున్నారు కదా అని మేమేమీ అనలేదు.

పోయిన వానాకాలంలో వాడికి ఆఫీసు పని పెరిగింది. రెండు వారాలు ఆట వాయిదా పడింది, తర్వాత ఇంకో రెండు. ఒకరోజు తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టి, "నా వల్ల కావట్లేదు మావయ్యా, శనివారం వస్తోందంటేనే గుండెలో రాయి పడుతోంది" అన్నాడు. ఇష్టంగా మొదలుపెట్టిన పని అది. మూడు నెలలు గది తెరవలేదు. పిల్లలు ఎవరి ఫోన్లో వాళ్ళు పడ్డారు. ఇద్దరు మాకు వీధిలో ఎదురై ఆట ఎప్పుడని అడిగితే పరీక్షల తర్వాత అని అబద్ధం చెప్పాం.

దసరాకు వాడే మళ్ళీ వచ్చాడు, ఈసారి పలచటి కాగితాల కట్టతో. కెయిర్న్ అని, యోకాయ్ గాల్ అనే ఆయన 2020లో రాసిన ఆట. క్రిస్ మెక్‌డౌవల్ చేసిన ఇంటూ ది ఆడ్, బెన్ మిల్టన్ చేసిన నేవ్ అనే రెండు చిన్న ఆటల నుంచి పుట్టింది. డబ్బు కట్టక్కర్లేదు. అదే షరతు మీద ఎవరైనా అనువదించి పంచుకోవచ్చని రచయితే అనుమతి ఇచ్చేశాడు. పాత్రకు లెవెళ్ళు లేవు. ఆరు గుణాల బదులు మూడే. దెబ్బ తగిలిందా లేదా అని పాచిక వెయ్యడం లేదు. కొట్టావంటే తగిలినట్టే, ఎంత తగిలిందో దానికే పాచిక. సామాను మోయడానికి పది అరలు. అలసిపోతే ఆ అలుపు కూడా ఒక అరను ఆక్రమిస్తుంది. మాకు ఈ ఒక్క నియమం ఎంత నచ్చిందో! సంసారం చేసేవాడెవడో రాసి ఉంటాడనుకున్నాం.

ముగ్గురం కూర్చుని దాన్ని తెలుగులో నాలుగు పేజీలకు దించాం. బలం, చురుకు వెంటనే కుదిరాయి. మూడోదానికి సంకల్పం అని రాస్తే పిల్లలు నోరు తిరగక నవ్వారు, గుండె అని పెట్టాం. ప్రమాదం తప్పించుకోవడానికి ఇరవై ముఖాల పాచిక వేస్తారు, గుణం అంకె కన్నా మించకుండా పడాలి. ఇంగ్లీషులో దాన్ని సేవ్ అంటారు. దీనికి మాట దొరక్క రెండు రోజులు కొట్టుకున్నాం. చివరికి మా పక్కింటావిడ, ఆటకు ఏ సంబంధం లేని మనిషి, "అంటే గండం గడవడమే కదా" అంది. అంతే. ఇప్పుడు బల్ల దగ్గర "గండం వెయ్యి" అంటారు. "పడింది" అని మీకు వినిపించిన కేకలు అవే.

ఇక్కడితో కథ సుఖాంతమైతే ఇంత రాసేవాళ్ళం కాదు. కొత్త నియమాలతో మొదటి శనివారం వాడి లెక్కలు పది నిమిషాల్లో అయిపోయాయి. ఒక పులి అంటే ఒక వరుస: కాపు 8, బలం 14, చురుకు 15, గుండె 10, పంజాకు ఎనిమిది ముఖాల పాచిక. మిగిలిన రాత్రంతా ఖాళీ. సినిమా చూశాడు. ఆదివారం అర పేజీ పట్టుకుని వెళ్ళాడు. గంటలో ఆట చచ్చిపోయింది. పిల్లలు ఒక పాడుబడ్డ ఇంట్లో దూరారు, ఏముంది ఏముంది అని అడిగారు. పాత ఆటలో అయితే "వెతుకుతున్నాను" అని పాచిక వేస్తారు, 15 దాటితే ఏదో దొరికిందని చెప్పి గడిపేయొచ్చు. ఇందులో వెతకడానికి పాచిక లేదు. "పెట్టె కింద చెయ్యి పెట్టి చూస్తాను" అంటాడు పిల్లవాడు. పెట్టె కింద ఏముందో సూత్రధారికి తెలియాలి. వాడికి తెలియదు. మా అబ్బాయి తలుపు దగ్గర నిలబడి, "బావా, ఇక్కడ ఏటీ లేదు" అన్నాడు. వాడన్నది కథలోని ఇంటి గురించేననుకోండి.

ఆ రాత్రి వాడు మా వంటింటి గడప మీద కూర్చున్నాడు. నియమాలు తక్కువైతే పని తక్కువవుతుందనుకున్నాడు. లావు పుస్తకం చెప్పే జవాబులన్నీ ఇప్పుడు తనే చెప్పాలని ఆ గంటలో తెలిసింది. అంకెలు ఎవరూ లేని గదిలో ఒక్కడే కూర్చుని వేసుకోవచ్చు. ఊరు, మనుషులు, వాళ్ళ కోరికలు అలా రావు. "అత్తా, గోపాలపురం రేవులో అప్పట్లో ఏముండేది?" అని అడిగాడు.

అడిగింది మంచి ఇంట్లోనే. మాలో ఒకరి తాతగారు రంగం వెళ్ళినవారు. రంగూన్‌ను మన పెద్దలు రంగం అనేవారని పిల్లలకు తెలియదు. గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులు, అంటే 1936కు ముందు నుంచీ, గోపాలపురం రేవులో ఓడ ఎక్కి బర్మా పోయిన కూలీలు మన ఇళ్ళల్లో ఎందరో. మాకు తెలిసింది కొంచెమే కాబట్టి ఇద్దరం వాణ్ణి వెంటబెట్టుకుని మన సంఘంలో ఎనభై దాటిన ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాం. ఆయన తండ్రి రంగంలో బియ్యం మిల్లులో పనిచేసి, 1942లో జపాను సేన వచ్చినప్పుడు నడిచి తిరిగొచ్చిన మనిషి. పెద్దాయన రెండున్నర గంటలు మాట్లాడారు. ఓడ ఒడ్డుకు రాదు, దూరంగా నిలుస్తుంది. మేకులు కొట్టకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన పడవల్లో అలలు దాటించి మనుషుల్ని చేర్చాలి. ముందే అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని పోగుచేసే మేస్త్రీ, ఆయన చేతిలో అప్పుల పుస్తకం. ఒడ్డున మూటల మీద కూర్చుని ఓడ కోసం చూసే ఆడవాళ్ళు.

అదే క్యాంపెయిన్ అయింది. పేరు ఉప్పురేవు, ఊరు కల్పితం, కాలమూ కల్పితమే, కొండ మీద మాత్రం మహేంద్రగిరిలా మబ్బు. వాడి శనివారం రాత్రి ఇప్పుడిలా ఉంటుంది. రేవు పటం ఒకటి. అందులో ఆరుగురు మనుషులు, ఒక్కొక్కరికీ ఏం కావాలి, దేనికి భయం, రెండే వాక్యాలు. తర్వాత ఒక చిన్న పట్టిక: పిల్లలు ఏమీ చెయ్యకపోతే సోమవారం ఏమవుతుంది, బుధవారం ఏమవుతుంది, ఓడ ఎప్పుడు లంగరెత్తుతుంది. పిల్లలు ఎటు వెళ్ళినా ఈ కాగితం పనికొస్తుంది. ఈ వారం కలవని మనిషిని వచ్చే వారం కలుస్తారు. ఓగర్ లాగా పారేయక్కర్లేదు, తోలుకుపోనూ అక్కర్లేదు.

కొత్తగా ఎదురైనవాడు ఎలా పలకరిస్తాడో కూడా రెండు పాచికలు చెబుతాయి. 2 పడితే కత్తి తీస్తాడు, 12 పడితే సాయానికి వస్తాడు, మధ్యలో పడితే మధ్యరకం. ఇది తేలిక నియమంలా కనిపిస్తుంది గానీ వాడు దీని మీదే ఎక్కువసేపు కూర్చుంటాడు. మేస్త్రీ కత్తి తీస్తే ఎందుకు తీస్తాడు? సాయం చేస్తే ఎందుకు చేస్తాడు? రెండు కారణాలూ ముందే తెలిసి ఉండాలి. అవి తెలిసిన మేస్త్రీ ఇక కాగితం మీద ఊరుకోడు, మాట్లాడతాడు.

మార్గశిరంలో ఒక ఆదివారం ఆ మేస్త్రీ నిజంగానే మాట్లాడాడు. పన్నెండేళ్ళ పిల్ల ఒకతె ఉంది, తల్లి తెలుగు, తండ్రి ఒడియా. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది కాదు. కథలో ఆమె తమ్ముణ్ణి మేస్త్రీ అప్పు కింద ఓడ ఎక్కిస్తున్నాడు. మావాడు మేస్త్రీ గొంతు పెట్టి తెలుగులోనే మాట్లాడతాడు. పడవవాడిగా ఉన్నప్పుడు ఒడియా, రేవులో ఎలా ఉండేదో అలాగే. ఆ పిల్ల ఇరవై నిమిషాలు బేరమాడింది. మొదట ఇంగ్లీషు ముక్కలు, తర్వాత తెలుగు, తర్వాత వాళ్ళ అమ్మమ్మ సంతలో కూరగాయలవాడితో మాట్లాడే తెలుగు. "అన్నం పెట్టినోడివి కాదు, అడ్వాన్సు ఇచ్చినోడివి, గొంతు తగ్గించి మాటాడు" అంది. ఎవరూ పాచిక వెయ్యలేదు. మేము చదువుతున్నట్టు నటిస్తున్న పేపరు దించేశాం.

బేరం కుదరలేదు. ఆ రాత్రి అప్పుల పుస్తకం దొంగిలించాలనుకున్నారు. పాత ఆటలో అయితే నీ నైపుణ్యం ఇంత, మేస్త్రీ అప్రమత్తత ఇంత, పాచిక వెయ్యి. ఇక్కడ గుడిసె ఎలా ఉందో వాడికి ముందే తెలుసు కాబట్టి చెప్పాడు: తలగడ కింద పుస్తకం, గుమ్మంలో దీపం, అరుగు కింద కుక్క. పిల్లలు కుక్కకు ఎండుచేప పడేశారు, గాలికి ఆరినట్టు దీపం ఆర్పారు. చివరికి తలగడ కింద చెయ్యి పెట్టడానికి మాత్రం ఒక గండం. గడిచింది.

ఇంకో కొత్త పని కూడా నెత్తిన పడింది. పోరు ఇంత, ఎక్కువ కాదు అని చూపే లెక్క ఇందులో లేదు కదా. పులి ఎదురైతే పులే, రెండు దెబ్బల్లో పాత్ర చచ్చిపోవచ్చు. సంక్రాంతికి ముందు అలాగే ఒకటి చచ్చిపోయింది. పదకొండేళ్ళ పిల్లవాడు ఏడ్చాడు. కొత్త పాత్ర అయిదు నిమిషాల్లో తయారవుతుంది నిజమే, ఆ మాట అప్పుడు చెప్పడం మా పొరపాటు. ఆ తర్వాత నుంచి మావాడు ప్రతి ప్రాణాంతకమైన దానికీ ముందు మూడు గుర్తులు రాసుకుంటున్నాడు. పులికి ముందు బురదలో అడుగు, తర్వాత సగం తిన్న మేక, తర్వాత పిట్టలు ఒక్కసారి మౌనం. మూడూ చూసి ముందుకు వెళ్తే ఆ పిల్లల నిర్ణయం. కూడికలు గుణకారాలు పోయి ఆ సమయం వీటికి పోతోంది. మొత్తం మీద అయిదు గంటల పని రెండున్నరకు దిగింది. పెద్దాయన ఇంట్లో గడిపేది, కూరల బజార్లో మాతో మాట్లాడేది లెక్కలో కలిపితే ఏమీ తగ్గలేదేమో. వాడు మాత్రం అవి పని కింద రాయడు.

నష్టం కూడా చెప్పాలి. అయిదుగురిలో ఒక అబ్బాయి మానేశాడు. పాత ఆటలో వాడు మాంత్రికుడు, అయిదో లెవెలుకు వస్తే నిప్పుల బంతి విసరడం వస్తుందని పుస్తకంలో ఆ పేజీకి గుర్తు పెట్టుకుని మరీ ఎదురు చూశాడు. కొత్త ఆటలో "నేను ఏం సంపాదించాను అన్నయ్యా?" అని అడిగాడు. స్నేహితుల్ని, శత్రువుల్ని, ఒక పడవను అని మావాడు చెప్పాడు. ఆ పిల్లవాడికి కావలసింది అది కాదు. వాడు తప్పు కాదు. పుస్తకంలో తన పేరు మీద పెరిగే అంకె వాడి కష్టానికి సాక్ష్యం, మేము దాన్ని తీసేశాం. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరితోనో పాత ఆటే ఆడుతున్నాడు. మావాడు తన మూడు లావు పుస్తకాలూ వాడికే ఇచ్చేశాడు. వాడి స్థానంలో ఇంకో పిల్ల చేరింది గానీ, ఆదివారం వాడు గది ముందు నుంచి సైకిల్ మీద పోతుంటే మాకు ఏదోలా ఉంటుంది.

న్యాయం గొడవ ఇంకోటి. మా అబ్బాయి పడవలోంచి అలల్లోకి దూకితే మావాడు గండం అడగలేదు. మరుసటి వారం ఇంకో పిల్ల అలాగే దూకితే అడిగాడు. "మీ బావమరిదికి గండాలుండవు, మాకేనా!" అంది. బల్లంతా నిశ్శబ్దం. లావు పుస్తకం ఉన్నప్పుడు ఇలాంటి మాట రాదు, పేజీ తీసి చూపించవచ్చు. నాలుగు పేజీల ఆటలో సూత్రధారి మాటే చట్టం. బంధువులు ఆడే చోట అది చాలా పలచటి చట్టం. మేమే మధ్యలో దూరి ఒక నోటుపుస్తకం పెట్టించాం. ప్రతి తీర్పూ అందులో రాయాలి: అలల్లో దూకితే గండం, తాడు కట్టుకుంటే అక్కర్లేదు. తడిసిన అగ్గిపెట్టె ఒక రోజు ఎండాలి. మూట వదిలేస్తే అలుపు ఒకటి తగ్గుతుంది. శనివారం రాత్రి వాడు ముందు ఆ పుస్తకం తిరగేసుకుంటాడు. మొన్న లెక్కపెడితే 31 పేజీలైంది. ఇలాగే పోతే 320కి ఎన్నాళ్ళు పడుతుందో అని వాణ్ణి ఏడిపిస్తున్నాం. వాడికి నవ్వు రావడం లేదు.

కమిటీకి చెప్పుకునేది ఇంతే. పాచికల మీద పైసా కూడా మారదు, కావాలంటే వచ్చి చూడండి. ఇంకో సంగతి. వచ్చే ఆదివారం ఉప్పురేవులో ఓడ లంగరెత్తుతుంది, ఆ పిల్ల తమ్ముడు ఇంకా ఓడలోనే ఉన్నాడు. మావాడికి ఓడ లోపలి సంగతులు చాలడం లేదు. డెక్కు మీద వంట ఎలా చేసుకునేవారు, ఎక్కడ పడుకునేవారు, ఎవరు ఎవరితో మాట్లాడేవారు. మీ ఇళ్ళల్లో రంగం నుంచి వచ్చిన ఉత్తరాలుంటే, తాతమ్మలు చెప్పిన ముక్క ఏదైనా గుర్తుంటే, శనివారం సాయంత్రంలోగా చెప్పండి. ఆదివారం నాలుగు గంటలకు గది తెరుస్తాం. చెప్పులు బయట విడిచి, మూలన ఉన్న బెంచీ మీద కూర్చోవచ్చు. పులి వచ్చినప్పుడు మాత్రం పిల్లలకు సలహాలివ్వకండి.